నూటికి నూరు వచ్చిన పాఠం

ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే ఆ టీచరమ్మ ఏ పాఠాన్నీ కుర్చీలో కూర్చుని సరిచూడదు. నేర్చుకునేవాళ్లు పనుల మధ్యే చూస్తారు కనుక, తనూ పొయ్యి దగ్గర నిలబడి, ఎడమచేతి బొటనవేలితోనే ఫోను నొక్కుతూ చూస్తుంది. ఈసారి పాఠం మంచం పట్టిన రోగిని లేపి కూర్చోబెట్టడం గురించి. సోమవారం నుంచి రెండువందలమంది కొత్త ఆయాలు దాన్ని నేర్చుకోవాలి. ముందుగా వదినకు ఇస్తే, ఐదు నిమిషాల్లో పాఠం చివరనున్న పది ప్రశ్నలకూ సరైన జవాబులు నొక్కేసింది. "నూటికి నూరు! ఇక నేనూ ఆయానే." "అయితే నన్ను లేపు" అంటూ టీచరమ్మ మంచమెక్కి ఒళ్లు వదిలేసింది. వదిన రెండు చేతులూ పట్టుకుని మూట లాగినట్టు లాగింది. టీచరమ్మ భుజం కలుక్కుమంది. చెయ్యకూడదని పాఠంలో మొట్టమొదట చెప్పింది అదే.

ఆ పూటే ఆమె పది ప్రశ్నలూ తీసేసింది. వాటి బదులు, ఇంట్లో ఒకరిని పడుకోబెట్టి, లేపి, వీడియో తీసి పంపమని ఆయాలకు రాసింది. "అన్ని వీడియోలు ఎవరు చూస్తారమ్మా?" అని ఫోనులో విసుక్కున్నాడు పాఠం చేయిస్తున్న ఆఫీసరు. "నేను చూస్తాను సార్" అని ఫోను పెట్టేసి, మళ్లీ మంచమ్మీద వాలింది. "రా వదినా, ఈసారి వీపు కింద చెయ్యి వేసి లేపు." "నీ భుజం ఊడొస్తుందేమో తల్లీ!" "నాకు నొప్పెడితే అరుస్తాను. ఆ రోగులు అరవలేరుగా. పట్టు."