పెద్దమ్మ ఎండబెట్టిన స్వాహిలి

మొన్న మా అపార్ట్‌మెంటు మేడ మీద పాత పుస్తకాలు ఎండలో పరుస్తుంటే పెద్దమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది.

మా పెద్దనాన్న వయసులో ఉండగా టాంజానియాలో మాస్టారుగా పనిచేసి, అక్కడి స్వాహిలి భాష మీద మోజుతో తిరిగొచ్చారు. తొంభైల్లో రాజమండ్రి కాలేజీలో పాఠాలు చెబుతూనే దాని మీద పీహెచ్‌డీకి కూర్చున్నారు. "గోదావరి ఒడ్డున స్వాహిలి ఎవరిక్కావాలండీ?" అని చుట్టాలు ఆటపట్టించినా ఉలికేవారు కాదు. అక్కడి వరిసాగు మాటలన్నీ చీటీకొకటి చొప్పున రాసి, వెనక తెలుగులో అర్థం వేసి, విత్తు నుంచి విస్తరి దాకా పని జరిగే వరసలో పూతరేకుల పెట్టెల్లో పేర్చుకున్నారు. మనకి వడ్లు, బియ్యం, అన్నం ఉన్నట్టే వాళ్ళకీ మ్పుంగా, మ్చేలే, వాలి అని వేరువేరు మాటలున్నాయట. అది విని పెద్దమ్మ, "అయితే మనవాళ్ళేనండీ!" అని తెగ సంబరపడింది.

థీసిస్ ఇవ్వడానికి ఇంకా నెల కూడా లేదు. పెట్టెల్లో పురుగు కనబడిందని, ఆయన కాలేజీకి వెళ్ళగానే పెద్దమ్మ వడియాల పక్కన పాత చీర పరిచి, చీటీలన్నీ కుమ్మరించి ఎండబెట్టింది. సాయంత్రం కందిపప్పు ఎత్తినట్టు దోసిళ్ళతో ఎత్తి పెట్టెల్లో నింపేసింది. పెద్దనాన్న మూత తీసి చూసి కుర్చీలో కూలబడ్డారు. "పదేళ్ళ పనే! ఇంక నా వల్ల కాదు," అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, సెలవులకొచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. రామచంద్రపురం దగ్గర రైతు కూతురావిడ. "నారు తీశాక ఏంటి? ఊడ్పులు. ఇటు పెట్టు," అంటూ నాలుగు రోజుల్లో వరసంతా నిలబెట్టేసింది. మధ్యలో ఇంగ్లీషు థీసిస్ చిత్తుకాగితం ఒకటి నాచేత తెలుగులో చదివించుకుని, "ఇదేంటండీ, గాదెలో పోశాక తూర్పారబడతారా? ఎక్కడైనా ఉందా?" అని గట్టిగా అడిగింది. పొలంలో అడుగుపెట్టి ఎరగని పెద్దనాన్న ఎర్ర పెన్నుతో దిద్దుకున్నారు.

డాక్టరేటు వచ్చింది. పరీక్షించినవాళ్ళు ఆ సాగు అధ్యాయాన్నే మెచ్చుకున్నారట. తర్వాత అది ఇంగ్లీషు పుస్తకంగా అచ్చయితే, కృతజ్ఞతల పేజీ తెలుగులో చెప్పమని పెద్దమ్మ నా ముందు కూర్చుంది. ప్రొఫెసర్లు, టాంజానియా శిష్యులు, టైపు చేసినాయన, అందరి పేర్లూ చదివాను.

"అంతేనా?" అంది.

"అంతే పెద్దమ్మా," అన్నాను.

"బాగుంది," అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. చివర్న ఆవిడ పేరు నేనే కలిపి చదివేస్తే ఎవరికి తెలిసేది? అప్పుడు నాకు తట్టలేదు. తట్టేసరికి, వినడానికి ఆవిడ లేదు.