కుప్పమ్మ లాకు తీసిన రోజు

కొడుకు వస్తున్నాడనుకొని కుప్పమ్మ ఊరి చేలను ఉప్పుపాలు చేసిందని తడ సంతలో ఇప్పటికీ అంటారు. "మా చెవులతో విన్నాము గదప్పా, మురుగేషూ మురుగేషూ అని అరస్తా పలకలు పీకేసింది. కొడుకూ దక్కలే, చేలూ దక్కలే." లాకు దగ్గర పలక ఎత్తేవాళ్ళు పడవ నడిపేవాడిని పేరు పెట్టి పిలవడం అక్కడి ఆనవాయితీ. పిలుపు వినపడ్డాకే అతను గడ వేసి పడవను లోపలికి తోస్తాడు. అందుకే ఆ మాట నమ్మనివాళ్ళు లేరు.

పడవల కాలువ సరస్సు పాయలో కలిసేచోట తెల్లదొరలు కట్టించిన లాకు అది. తలుపులు చివికిపోయాక తాటిపలకలు దించి, సందుల్లో గడ్డీ బంకమన్నూ కూరుతున్నారు. పోటుకు దించాలి, ఆటుకు ఎత్తాలి. లాకు కాపలా చూసే లస్కరు శాంతయ్య పోయినప్పటి నుంచి ఆ పని అతని భార్య కుప్పమ్మదే. పోటు నీళ్ళు ఒక్కసారి లోపలికొస్తే చేలు చౌడుబారి ఏళ్ళ తరబడి గింజ రాలదు.

ఆ ఏటి తుఫానులో ఆటు అన్నదే రాలేదు. గాలి సముద్రాన్ని పాయలోకి ఎగదోస్తూనే ఉంది. వేటకు పోయిన మురుగేష్ పడవ జాడ లేదు. కుప్పమ్మ లాకు గోడ మీదే తడుస్తూ కూర్చుంది. గట్టు కింది చేను లీలావతిది. ఆమె వచ్చి పక్కనే కూలబడింది.

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఎవురొచ్చినా పలక ముట్టొద్దు. నాటు ఇప్పుడిప్పుడే పచ్చబడతా ఉండాది."

"నా కొడుకు నీళ్ళల్లో ఉండాడు లీలావతీ."

"నా బిడ్డల కూడు ఆ చేలో ఉండాది."

పడవ కనపడగానే లీలావతి జనాన్ని పిలవడానికి గట్టు వెంట పరుగెత్తింది. పడవలో ఇద్దరే ఉన్నారు, మురుగేష్‌తో వేటకు పోయిన ప్రతాప్, వాడి తమ్ముడు. గోడలు నిట్టనిలువు, అంతా పాచి. అటూ ఇటూ మనిషిని మింగే అడుసు. కుప్పమ్మ విసిరిన తాడును గాలి వెనక్కి కొట్టింది. అల లేచినప్పుడల్లా పడవ రాతికి తగిలి చెక్కలు ఊడుతున్నాయి.

"మా వోడు యాడరా?"

ప్రతాప్ తమ్ముడు ఏడుస్తూ చెప్పాడు. "తెరచాప కొయ్య తగిలి పడిపోయినాడత్తా. మళ్ళా తేల్లేదు."

కుప్పమ్మ కాసేపు నీళ్ళకేసి చూసింది. తర్వాత పలకలెత్తే కొక్కెం అందుకుంది. తడికి ఉబ్బిన పలక కదల్లేదు. రొమ్ము ఆనించి, పళ్ళు బిగించి లాగింది. ఉప్పునీళ్ళు హోరుమని లోపలికి దూకాయి. అప్పుడు పిలవాల్సింది ప్రతాప్‌ను. ఆమె నోట కొడుకు పేరే వచ్చింది, మళ్ళీ మళ్ళీ అదే వచ్చింది. ప్రతాప్ ఆ పేరుకే గడ వేశాడు. గట్టు మీద పరుగెత్తుకొస్తున్నవాళ్ళు విన్నది అదే.

మురుగేష్ ఆ పడవలో లేడని తెలిశాకే ఆమె పలక ఎత్తింది.