ఆముదం రాసిన పళ్ళేలు

"పళ్ళేలకి ఏమైనా రాశావా మామ్మా? నిజం చెప్పు."

"ఏం రాస్తానే? నీ పళ్ళేలకి గంధం పుయ్యమన్నావా ఏంటి?"

"మరి ఈ మరక ఎక్కణ్నుంచి వచ్చింది?"

"నన్నడుగుతావేం? మీ కాలేజీలో సీసాలు కడిగినవాళ్ళని అడుగు."

మా మనవరాలు అద్దుడు కాగితం నా ముఖం ముందు పెట్టింది. మధ్యలో రూపాయి బిళ్ళంత మరక. బజ్జీలు కట్టిన కాగితం మీద ఉంటుందే, అలాంటిది. మూడో తరగతితో బడి మానేసినా, జిడ్డు మరకేదో తెలియనిదాన్ని కాను.

ఇది ఎనభైల చివరి మాట. మాది రాజోలు దగ్గర పల్లె. నా తరం వరకూ అందరం వరి ఊడ్పులకు వెళ్ళినవాళ్ళమే. ఈ పిల్ల కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివి, అమలాపురం కాలేజీలో చిన్న ఉద్యోగం చేసేది. రీసెర్చి చెయ్యాలని దాని పట్టుదల. బొగ్గు అణువులు అరవై కలిసి బంతిలా అతుక్కుంటాయని, మసిలో అవి ఉండవచ్చని విదేశీ పత్రికలో రాశారట. చేతికి అందేంతగా ఇంకా ఎవరూ తియ్యలేదట.

"మామూలు మసి బెంజీన్లో కరగదు మామ్మా. ఈ బంతులు కరుగుతాయేమో. రంగు దిగితే సీసానీ నన్నూ యూనివర్సిటీకి తీసుకెళ్ళి సీటు అడుగుతానన్నారు మా కాలేజీ కెమిస్ట్రీ మాస్టారు."

వసారాలో నాలుగు ప్రమిదలు, ఇటుకల మీద బోర్లించిన నాలుగు ఇత్తడి పళ్ళేలు. పళ్ళేలు సోడాతో కడిగి, పొడిగా తుడిచి, ఇంకేమీ తగలనివ్వద్దని చెప్పి అది పొద్దున్నే బస్సెక్కేది. దీపాలు చూసేది, మసి గీకేది నేను.

మా అమ్మ కాటుక పట్టేటప్పుడు పళ్ళేనికి కాస్త ఆముదం రాసేది. అలా రాస్తే మసి రవ్వ కూడా అంటుకోకుండా ఊడి వస్తుంది. పొడి పళ్ళేనికి సగం మసి పట్టేసి కడుగునీళ్ళలో పోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. అంత కొబ్బరినూనె కాల్చి తీసినది పారబోస్తామా? వేలితో ఆముదం రాశాను. మసి సీసా తొందరగా నిండింది. "నీ చెయ్యి మంచిది మామ్మా" అంది. నేను ఆముదం సీసా గూట్లోకి తోసేశాను.

ఆ వారమే బెంజీన్లోకి పసుపు రంగు దిగింది. పిల్ల ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుని తింది. మాస్టారు ప్రయాణం కూడా ఖాయం చేశారు. ఇక రేపు బయల్దేరాలనగా ఒక చుక్క కాగితం మీద వేసి చూసుకుంది. బెంజీన్ ఎగిరిపోయింది, జిడ్డు మిగిలింది. దిగిన పసుపు బంతులది కాదు, నూనెదన్నమాట.

"రాశానని ఒక్క మాట చెప్పు మామ్మా. గడువు అడిగి మళ్ళీ మొదలెడతాను. చెప్పకపోతే ఎక్కడ తప్పిందో నాకే తెలీదు. మాస్టారికి ఏమని చెప్పను?"

"రాయలేదన్నానుగా. ఈ వయసులో నన్ను దొంగని చేస్తావా?"

దాని చూపు గూట్లో ఆముదం సీసా మీదికి పోయింది. ఇక అడగలేదు.

తెల్లారి, పక్క వీధిలో ఉండే మాస్టారు సంచీతో మా గుమ్మంలోకి వచ్చారు.

"బయల్దేరదామా అమ్మా?"

"సీసా పనికిరాదండీ. జిడ్డు కలిసిపోయింది. పళ్ళేలు సరిగా కడగలేదు."

"ఎవరు కడిగేరు?"

"నేనేనండీ."

"అన్నీ నువ్వేనా?"

"ఆయ్."

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. ప్రతి మాటా వినబడింది. లేవలేదు.

"పళ్ళేలే కడుక్కోలేనిదాన్ని నేనెలా సిఫారసు చెయ్యనమ్మా?" అని, ఆయన ఒక్కరే బస్సు దగ్గరికి వెళ్ళిపోయారు.

పిల్ల సీసా పెరట్లో ఒంపేసింది. నాలుగు పళ్ళేలూ బూడిదతో తోమి, తుడిచి, నా గూట్లో బోర్లించింది. తరవాత చీర మార్చుకుని, చద్దన్నం ముట్టుకోకుండా కాలేజీకి వెళ్ళింది.