బూడిద రంగు మంట

2022 వానాకాలం. ఖిదిర్‌పూర్ ఓడరేవులో, డాక్ గేటుకు దగ్గరగా ఉన్న కళ్లాసుపత్రిలో నేను ఆప్టోమెట్రిస్టుని. అంటే చూపు కొలిచి అద్దాలు రాసే మనిషిని. మా గదిలో ఎప్పుడూ సగం చీకటే. అందులో కూర్చుని, ఎక్కడెక్కడి సముద్రాలో తిరిగొచ్చిన కళ్లలోకి చూస్తుంటాను. ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుందంటే నేను నమ్మను.

ఆ రోజు వచ్చినాయన పేరు అప్పలస్వామి. శ్రీకాకుళం వైపు మనిషి, అండమాన్ వెళ్లే సరుకు ఓడలో వంటవాడు. బియ్యంలో రాళ్లు కనబడటం లేదని దగ్గరిచూపు అద్దాల కోసం వచ్చాడు. దూరపు చార్టు చివరి వరుస దాకా గడగడా చదివేశాడు. అద్దాలు రాసి పంపేయాల్సిందే. నాకు కబుర్ల పిచ్చి గనక, దారిలో బ్యారెన్ దీవి కనిపిస్తుందా అని అడిగాను. మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కే కొండ అక్కడే ఉంది.

"అవుపడకేటమ్మా! పదేళ్లుగా సూత్తన్నాను. మనిసన్నవాడు లేడక్కడ. నల్లటి కొండ, సుట్టూ నీలం నీళ్లు. పొద్దుగూకితే పైన ఎర్రగా రాజుకుంటాది. నోట మాట రాదమ్మా. మా ఇంటి పక్క కొండే అనిపిత్తాది నాకు."

వింటూ నేనూ ఆ నీళ్ల మీదికి వెళ్లిపోయాను.

"ఈపాలి మాత్రం బూడిద రంగుగున్నాది. కుర్రోళ్లు 'లాల్, లాల్' అని, ఎర్రగున్నాదని ఒకటే గోల. నన్నాట పట్టిత్తన్నారనుకున్నాను."

కలర్ విజన్ పుస్తకం తీశాను. అందులో రంగు చుక్కల మధ్య అంకెలు దాగి ఉంటాయి. ఎవరికైనా కనబడే మొదటి పేజీ చదివాడు. తర్వాతవన్నీ ఉత్త చుక్కలే అన్నాడు.

"ఏం మందులు వాడుతున్నారు?"

"ఏటీ లేదమ్మా."

"దాస్తే చూపే పోతుంది, అప్పలస్వామి గారూ."

గొంతు తగ్గించాడు. "టీబీ బిళ్లలు. తెలిత్తే ఓడ మీంచి దింపెత్తారమ్మా."

టీబీకి ఇచ్చే ఇథాంబ్యుటాల్ అనే మందు అరుదుగా కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చార్టు చదవగలిగే దశలోనే ఎరుపు మసకబారుతుంది. మా డాక్టరుగారు అప్పటికప్పుడు టీబీ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఆ ఒక్క మందూ ఆపించారు. మిగతావి మానొద్దని నేను పదిసార్లు చెప్పాను. సంగతి తెలిసి, చికిత్స ముగిసేదాకా ఓడ ఎక్కొద్దన్నారు కంపెనీ వాళ్లు. ఆయన పని నా వల్లే పోయిందని చాలా బాధపడ్డాను.

నాలుగో నెలలో వచ్చి పేజీలన్నీ చదివాడు. నా కళ్లు చెమర్చాయి. ఆయన మాత్రం పుస్తకం మూసి నెమ్మదిగా అన్నాడు:

"అయితే ఆయేల కొండ ఎర్రగానే మండినాదన్నమాట. ఎదురుగుండా నిలబడినాను. సూడలేదు."

ఇప్పుడు చార్టు చదివించగానే అద్దాలు రాసేయను. ఈమధ్య ఏం చూశారు, ఎలా ఉంది అని అడుగుతాను. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.