బుగ్గ మీద దూది

పొద్దున్న ఆరున్నరకల్లా మేమంతా వరుసలో నిలబడేవాళ్ళం. ఢిల్లీ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పెద్ద హోటల్, నేను రిసెప్షన్‌లో పనిచేసేవాణ్ణి. లాబీలోకి అడుగు పెట్టేముందు వెనక కారిడార్లో రోజూ తనిఖీ ఉండేది. బూట్లు, గోళ్ళు, బెల్టు, ఆఖర్న గడ్డం. మిగతావన్నీ కళ్ళతో చూసి వదిలేసేవారు. గడ్డానికి మాత్రం దూది ఉండేది. మా డ్యూటీ మేనేజరు డబ్బాలోంచి ఒక దూది ఉండ తీసుకుని, మెడ దగ్గర్నుంచి చెవి కిందదాకా, వెంట్రుకకి ఎదురుగా మెల్లగా లాగేవాడు. ఒక్క పోగు అంటుకున్నా "వాపస్" అనేవాడు. అలా అనిపించుకున్నవాడు లాకర్ రూముకి వెళ్ళి మళ్ళీ గీసుకుని రావాలి. అతను కోప్పడేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. తిడితే కనీసం తిరిగి తిట్టుకునే సుఖమైనా ఉండేది.

నాది రింగుల జుట్టు, గడ్డమూ అంతే. కాకినాడలో మా వీధి సెలూన్ ఆయన నాకు మొట్టమొదటిసారి గడ్డం గీసిన రోజే చెప్పాడు, రెండో కోటు వేయించుకోకు బాబూ, నీ వెంట్రుక కొన లోపలికే తిరుగుద్ది అని. రెండో కోటంటే మళ్ళీ నురగ పూసి, కింద నుంచి పైకి ఎదురు గీయడం. అది గీస్తేనే చెంప అద్దంలా ఉంటుంది. అద్దంలా ఉంటేనే దూది జారుతుంది. కాబట్టి ఢిల్లీ వచ్చాక రోజూ రెండో కోటే. కొన్నాళ్ళు మూడోది కూడా.

ఏడాది తిరక్కుండా మెడంతా పొక్కులు. తెగిన వెంట్రుక మళ్ళీ చర్మంలోకే గుచ్చుకుని, అక్కడ ఎర్రగా ఉబ్బి, చీము పట్టేది. మర్నాడు పొద్దున్నే దాని మీద మళ్ళీ బ్లేడు. పైన గంజి పెట్టిన కాలరు, దాని మీద టై. ఎనిమిది గంటలు నవ్వుతూ నిలబడాలి. గెస్టులు పాస్‌పోర్టు ఇస్తూ ఒకసారి నా మెడకేసి చూసి, తర్వాత నా చెయ్యి తగలకుండా గది తాళం తీసుకునేవారు. అంటురోగం అనుకునేవారేమో. నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది, ఒళ్ళు మండేది కూడా. రెండింట్లో ఏదీ మొహంలో కనబడకూడదు.

ఆదివారాలు మేము వెళ్ళే చర్చిలో ఆంటీలకి నేనొక ప్రయోగశాల. ఒకావిడ శనగపిండి అంది, ఒకావిడ పసుపు, ఇంకొకావిడ వేపాకు ఉడికించిన నీళ్ళు. అన్నీ చేశాను. పసుపు పూసుకున్న మర్నాడు మేనేజరు నా మొహం కేసి చూసి, ఇంట్లో పెళ్ళా అని అడిగాడు. మందుల షాపు భయ్యా ఒక ట్యూబు ఇచ్చాడు. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది, ఎనిమిదో రోజు నుంచి చెంపలు టమాటా అయ్యాయి. మా ఆవిడ ఆ ట్యూబు మీది అక్షరాలు ఒక్కసారి చదివి, స్టెరాయిడని చెత్తబుట్టలో పడేసింది. ఆవిడ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. సరోజినీ నగర్‌లో మేముంటున్న క్వార్టరు ఆవిడకొచ్చిందే, అంచేత ఇంట్లో అలాంటి తీర్పులకి అప్పీలు లేదు.

తనే నన్ను వాళ్ళ ఆసుపత్రి స్కిన్ డాక్టరు దగ్గరకి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, ఇది రోగం కాదు, గీసుకునే పద్ధతి అంది. ఆవిడ చెప్పినదంతా మా ఆవిడ పాత క్యాలెండరు కాగితం వెనక తెలుగులో రాసి, బాత్రూము అద్దం పక్కన అంటించింది. ముందు గోరువెచ్చటి నీళ్ళతో గడ్డం నానబెట్టాలి. ఒకే బ్లేడున్న రేజరు, వెంట్రుక వాలు ఎటుంటే అటే, ఒకే ఒక్క కోటు. చర్మం లాగి పట్టుకోకూడదు. తర్వాత చన్నీళ్ళు. పటిక వద్దు, మంటపుట్టే లోషను వద్దు, వాసన లేని మాయిశ్చరైజరు చాలు. బయటకి వెళ్ళేముందు సన్‌స్క్రీను. రోజు విడిచి రోజు గీసుకోవాలి. కాగితం చివర పెద్దక్షరాలతో ఇంకో మాట: ఎదురు గీయకూడదు.

ఇంత తేలికైన పని లోకంలో ఇంకోటి ఉండదు. పది నిమిషాలు కూడా పట్టదు. సెలవు పెట్టిన వారం రోజులు అచ్చం అలాగే చేస్తే మెడ చల్లబడింది. ఎనిమిదో రోజు వరుసలో నిలబడ్డాను. దూది నా చెంప మీద పత్తి చేలో ఉన్నట్టు నిలిచిపోయింది.

అప్పట్నుంచి రోజూ రెండు గడ్డాలు. ఇంట్లో మా ఆవిడ చెప్పినట్టు ఒకటి, లాకర్ రూములో మేనేజరు చెప్పినట్టు ఇంకోటి. ఇంటికొచ్చాక ఆవిడ నా మెడ చూసి, కాగితం చూసి, మళ్ళీ నా మెడ చూసేది. నా వీక్లీ ఆఫ్ మంగళవారం. ఆ రోజు బ్లేడు ముట్టుకునేవాణ్ణి కాదు. "మంగళవారం మాత్రం మీరు నా మొగుడిలాగుంటారండీ, మిగతా రోజులు ఎవరో కొట్టి పంపించినట్టుంటారు" అనేది.

చివరికి డాక్టరమ్మ ఆరు వారాలు అసలు గడ్డమే గీయకూడదని చీటీ రాసిచ్చింది. దాన్ని పట్టుకుని హెచ్ఆర్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చాలా మంచిగా మాట్లాడింది. ఠీక్ హై, ఆరోగ్యం ముఖ్యం, ఆరు వారాలూ లినెన్ రూములో చెయ్యండి అంది. బేస్‌మెంటులో దుప్పట్లూ తువ్వాళ్ళూ లెక్కపెట్టే గది అది. ఆరు వారాల తర్వాత మళ్ళీ పైకేనా అని అడిగాను. అప్పుడు చూద్దాం అంది. కాలు విరిగి రెండు నెలలకని ఆ గదిలోకి వెళ్ళిన మనిషి నాలుగేళ్ళయినా అక్కడే ఉన్నాడని నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ నేను రిసెప్షన్‌లో మనిషిని. ఆ బల్ల కోసమే ఇంత దూరం వచ్చాను. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి, వాళ్ళు ఒప్పుకోలేదని మా ఆవిడకి అబద్ధం చెప్పాను. కక్కలేక మింగలేక అలా ఇంకో మూడేళ్ళు గడిచాయి.

తర్వాత ఆ మేనేజరు వేరే హోటల్‌కి వెళ్ళిపోయాడు. అతని కుర్చీ నాకిచ్చారు. కుర్చీతో పాటు తనిఖీ రాసే రిజిస్టరూ, దూది డబ్బా కూడా వచ్చాయి.

రెండు మూడు వారాల తర్వాత గానీ ఒక సంగతి నాకు తట్టలేదు. నా బుగ్గ మీద దూది లాగేవాడు ఇప్పుడెవడూ లేడు. జనరల్ మేనేజరు పదింటికొచ్చి చెయ్యి కలుపుతాడు, బుగ్గ తడమడు. ఆ రోజు నుంచి క్యాలెండరు కాగితం చెప్పినట్టే బతికాను. ఒకే కోటు, వాలుకే, రోజు విడిచి రోజు. మూడు నెలల్లో మెడ నున్నబడింది. మా ఆవిడ అది తన కాగితం మహిమ అంది. చర్చి ఆంటీ శనగపిండి అంది. ఇద్దరికీ అవునన్నాను. అలా బాగుపడ్డ మొహంతో రోజూ పొద్దున్నే వరుస ముందు నిలబడి, అవతలివాళ్ళ చెంపల మీద ఎదురు దూది లాగేవాణ్ణి. నియమం మార్చమని అడగొచ్చు కదా అని మీకనిపించవచ్చు. అడిగితే అందరికంటే ముందు నా గడ్డమే చూస్తారు. ఆ భయంతోనే నోరు మెదపలేదు.

మొన్న చలికాలంలో గెస్టుల సామాన్లు మోసే బెల్ డెస్కుకి ఒకాయన వచ్చాడు. హైదరాబాదులో ఇరవయ్యేళ్ళు చేసిన హోటలు మూతపడి ఇటు వచ్చాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. మొదటి రోజు ఆయన మెడ చూశాను. రింగుల గడ్డం, కాలరు పైన ఎర్ర పొక్కులు, ఒకటి అప్పుడే తెగి ఉంది. దూది పైపైన తాకిస్తూ లాగాను. ఎంత తేలిగ్గా లాగినా పోగు అంటుకుంది. పక్కవాళ్ళు చూస్తున్నారు.

ఆయన గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు. "పొద్దుగాల రెండుసార్లు గీసుకున్న సార్. ఇంక మీదికి గీస్తే తోలు ఊడొస్తది." తర్వాత నా మొహంలోకి చూశాడు. "మీది గూడ నా లెక్కనే రింగుల గడ్డం గదా. మీ మొఖం ఇంత మంచిగెట్లున్నది? ఏం పెడ్తరు?"

చెప్పాను. చన్నీళ్ళతో కడుక్కోమని, పటిక రుద్దొద్దని, వాసన లేని మాయిశ్చరైజరు రాయమని, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీను పూసుకోమని. అన్నీ నిజాలే.

"గంతేనా సార్?"

"అంతేనండి" అన్నాను. తర్వాత, "వెళ్ళి రండి" అన్నాను.

ఆయన లాకర్ రూముకి వెళ్ళాడు. వరుస మొత్తం నిలబడే ఉంది. పది నిమిషాలకి తిరిగొచ్చాడు, మెడ మీద చిన్న కాగితం ముక్క నెత్తురుకి అంటుకుని ఉంది. దూది జారిపోయింది. రిజిస్టరులో ఓకే రాశాను. వెళ్ళబోతూ ఆగి, సాయంత్రం ఆ క్రీము పేరు రాసియ్యమన్నాడు, థాంక్స్ కూడా చెప్పాడు. రాసిస్తానన్నాను.

అందరూ వెళ్ళిపోయాక డబ్బాలోంచి కొత్త దూది ఉండ తీశాను. మెడ దగ్గర్నుంచి చెవి కిందదాకా, ఎదురుగా, నా బుగ్గ మీద లాగాను. సగంలోనే ఆగిపోయింది. అద్దం ముందు నిలబడి పోగులు ఒక్కొక్కటే ఏరుకున్నాను. రిజిస్టరులో నా పేరు ఎదురుగా కూడా ఓకే రాసుకుని లాబీలోకి వెళ్ళాను.