ఆరన్ గడ్డం

ఆరేళ్లుగా ఒక వాక్యం నా గుండెల మీద కూర్చుని ఉంది. నా నోటితో నేనే అన్న వాక్యం. పైకి చూస్తే అందులో తప్పేమీ లేదు. ఎవరు విన్నా ఒక మంచివాడు మాట్లాడినట్టే ఉంటుంది. అందుకేనేమో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేకపోయాను. మీకు చెబుతాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇప్పటికే మూడుసార్లు రాసి కొట్టేశాను.

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఆరన్, నేను పక్కపక్క సీట్లలో పనిచేసేవాళ్లం. ఆరన్ యూదుడు. మిషిగన్‌లోనే పుట్టి పెరిగినవాడు. మా తెలుగువాళ్లు ఒకరినొకరు పిలుచుకోవడం విని నన్ను 'బావా' అనేవాడు. అర్థం చెప్పినా మానలేదు. మా నాన్న పోయి, నేను గుండుతో తిరిగి వచ్చినప్పుడు ఆఫీసులో అందరూ కొత్త స్టైల్ అనుకున్నారు. ఆరన్ ఒక్కడే కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇంట్లో ఎవరు పోయారు?" అని అడిగాడు.

తర్వాత రెండేళ్లకు వాళ్ల నాన్న పోయాడు. వారం రోజులు ఇంట్లోనే సంతాపం పాటించి ఆఫీసుకు వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. జుట్టు కత్తిరించుకోలేదు. టీమ్ పార్టీలకు రావడం మానేశాడు. సాయంత్రం ప్రార్థనకని తొందరగా వెళ్లిపోయేవాడు. తల్లో తండ్రో పోతే తమ ధర్మం ప్రకారం అలాగే ఉండాలని నాకు వివరంగా చెప్పాడు. "అందరికీ చెప్పి చెప్పి అలిసిపోతున్నా బావా. ఎవరైనా అడిగితే నువ్వు చెప్పు," అన్నాడు. సరేనన్నాను.

అడిగారు. ఒక్కరే. మా మేనేజర్.

ఆయన వేరే ఊళ్లో ఉండేవాడు, మమ్మల్ని వీడియోలోనే చూసేవాడు. ప్రాజెక్ట్ చిన్నదవుతోందని, ఇద్దరు లీడ్‌లలో ఒకరే మిగులుతారని అందరికీ తెలుసు. ఆ ఇద్దరం మేమే. నాది వర్క్ వీసా. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి దొరకాలి, లేదంటే దేశం వదలాలి. నా కూతురు అప్పుడే కిండర్‌గార్టెన్‌లో చేరింది. ఇవన్నీ నిజాలే. కానీ ఇక్కడ రాస్తుంటే చేయి ఆగుతోంది. నేను మీకు చెబుతున్నది కారణమా, సాకా?

"ఆరన్ బాగానే ఉన్నాడా? ఆ గడ్డం, ఆ వాలకం... వాళ్ల నాన్న పోయి నెల దాటింది కదా. క్లయింట్ ముందు నిలబడగలడా?" అని అడిగాడు మేనేజర్.

అది వాళ్ల ధర్మం, మనిషి నిక్షేపంగా ఉన్నాడు, పని ఎప్పటిలాగే చేస్తున్నాడు అంటే చాలు. నేను కొంచెం ఆగాను. ఆ ఆగడం కూడా కావాలనే ఆగాను. తర్వాత, "అతని గురించి నాకూ బెంగగానే ఉంది," అన్నాను.

అదీ ఆ వాక్యం.

రెండు రోజుల తర్వాత, శుక్రవారం లంచ్ టైమ్‌లో, ఆరన్ నన్ను పార్కింగ్ లాట్‌లోకి పిలిచాడు. ముప్పై రోజులు దాటినా తనంతట తాను గడ్డం తీయకూడదట. స్నేహితుడెవరైనా చూసి, ఇదేం వాలకమని మందలించాలట. అప్పుడే తీయొచ్చట.

"తిట్టు బావా," అన్నాడు.

"ఏంటి?"

"నన్ను తిట్టు. మా అక్క తిట్టింది గానీ అది లెక్కలోకి రాదు. నేను పుట్టినప్పటి నుంచీ తిడుతూనే ఉంది. స్నేహితుడు తిట్టాలి. నాకు ఈ బిల్డింగ్‌లో ఉన్నది నువ్వే."

"సోమవారం తిడతాలే."

"ఏం, ఇవాళ మూడ్ లేదా? తెలుగులో తిట్టు. ఇంగ్లీష్‌లో నీకు తిట్టడం చేతకాదు."

తిట్టాను. "ఏంట్రా ఆ అవతారం? అద్దంలో మొహం చూసుకున్నావా? పిచ్చుకలు గూడు కట్టేట్టున్నాయి. పో, పోయి గీసుకో!" నా గొంతు నిజంగానే లేచింది. ఎవరి మీద లేచిందో ఇప్పుడు తెలుస్తోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆరన్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"థాంక్స్ బావా. నన్నెవరూ ఏమీ అడగలేదు. అందరికీ నువ్వే చెప్పి ఉంటావు."

అప్పటికి ఇంకా ఏదీ ఖాయం కాలేదు. ఫోన్ నా జేబులోనే ఉంది. మేనేజర్‌కి ఒక్క కాల్ చేస్తే సరిపోయేది. "పద, చలిగా ఉంది," అన్నాను.

సోమవారం ఆరన్ గడ్డం గీసుకుని నున్నటి మొహంతో వచ్చాడు. పదిన్నరకల్లా వస్తువులన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుకున్నాడు. "కనీసం అందంగా వెళ్తున్నాను," అన్నాడు. ఆ పెట్టె కారు దాకా నేనే మోశాను. ఎవరు చూడాలని మోశాను?

ఏడాదికి పైగా ఖాళీగా ఉండి, చివరికి ఎక్కడో చిన్న పనిలో చేరాడు. మెసేజ్‌లు పెడుతూనే ఉండేవాడు. నేను బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకునేవాణ్ణి. నిరుడు గుండెపోటుతో పోయాడు. దానికీ నేను చేసినదానికీ సంబంధం లేదని నాకు తెలుసు. నిజంగా తెలుసా?

ఈమధ్య వాళ్ల అక్క మిరియం నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. నేను చేతులు జోడించి ఏదో గొణుక్కుంటుంటే మెల్లగా ఆపింది. "వాణ్ణేమీ అడగకు. మాలో చనిపోయినవాళ్లను వేడుకోకూడదు. ఏదైనా ఉంటే దేవుణ్ణి అడుగు. ఇక్కడ నిలబడి అడగొచ్చు."

"చనిపోయిన మనిషికి ఎవరైనా అన్యాయం చేసి ఉంటే?" అన్నాను.

"పదిమందిని సమాధి దగ్గరికి తీసుకొచ్చి, వాళ్ల ముందు ఆ తప్పు ఒప్పుకోవాలి." నా వైపు తిరిగింది. "ఎందుకు?"

"ఊరికే," అన్నాను.

పదిమంది. మనకూ ఉంది కదా ఆ మాట. పదిమందిలో పరువు, పదిమందిలో తలెత్తుకోవడం. నేను బతికిందంతా ఆ పదిమందికి భయపడుతూనే. ఈ ఊళ్లో పదిమందిని పోగుచేసి ఆ రాయి ముందు నిలబెట్టే ధైర్యం నాకు లేదు కాబట్టి ఇలా రాస్తున్నాను. ఇది ఆ ధర్మానికి సరిపోదు. నేను వాళ్ల మతంవాణ్ణి కాను, ఇది సమాధి కాదు, మీరెందరో కూడా నాకు తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సినవాడు లేడు.

ఇది ఇంగ్లీష్‌లో రాసి ఉండొచ్చు. మిరియంకి తెలుగు రాదు. ఆ సంగతి తెలిసే తెలుగులో రాశాను. అదీ ఒప్పుకుంటున్నాను. అది కూడా రాసేశాక మాత్రం, ఎందుకో, ఊపిరి కాస్త ఆడుతోంది.