పూజకు కోసిన గులాబీలు

నిన్న మా అమ్మాయి స్కూల్ ఆర్ట్ రూమ్‌లో రంగుల్లో కలిపే లిన్సీడ్ ఆయిల్ వాసన తగలగానే, చిన్నప్పుడు ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో మేమున్న ఫ్లాట్ గుర్తొచ్చింది. కిచెన్ కప్‌బోర్డులో దేవుళ్లు, తాలింపు వేస్తే అరిచే స్మోక్ అలారం. మీ ఇళ్లలోనూ అంతేగా?

అమ్మ అప్పుడు ఈవినింగ్ క్లాసులో ఆయిల్ పెయింటింగ్ నేర్చుకునేది. పాతకాలపు పద్ధతిలో, నల్లటి నేపథ్యం మీద జాడీ నిండా గులాబీలు వేస్తోంది. జాడీ, ఆకులు అయ్యాయి. పూలే మిగిలాయి. శనివారం క్లాసువాళ్ల ప్రదర్శన. ఆ వారంలోనే ఒక ఉదయం తాజా గులాబీలు తెచ్చి, చూసి వేయడానికి జాడీలో పెట్టుకుంది.

ఇండియా నుంచి వచ్చిన నాన్నమ్మ నా చేతికి కత్తెరిచ్చింది. "ఆ పూలు కోసుకురావే, పూజకి."

నాకు ఏడేళ్లు. ఒక్కటి మిగల్చకుండా కత్తిరించి పళ్లెంలో పెట్టిచ్చాను.

అమ్మ రంగు అంటిన చేతులతో వచ్చింది. "ఎవరు కోశారు?"

"నాన్నమ్మ కోయమంది."

"నేనెందుకంటాను? పిల్ల ఆడుకుంటూ కోసేసింది," అంది నాన్నమ్మ. "అయినా దేవుడికి లేని పూలు బొమ్మకెందుకో."

అమ్మకు నిజం తెలుసు. నాన్నమ్మ వంక కాసేపు చూసింది. తర్వాత నా చెంప మీద కొట్టింది. ఆ బొమ్మ ప్రదర్శనకు వెళ్లలేదు.

నాన్నమ్మ హారతి తెచ్చి, కళ్లకద్దుకోమని నా ముందు పట్టుకుంది. నేను అద్దుకున్నాను.